సూది థర్మామీటర్: దుబాయ్ రూముకు కావాలి, పాలమూరు పులుసుకు అక్కర్లేదు

2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ దగ్గరి నేలపట్ల కోళ్లఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఇట్లాంటి వార్త రాగానే దేశం బయట ఉన్న పిల్లలకు ఇంటి నుంచి ఫోన్ పోతుంది: "కోడికూర తినకు బిడ్డా." మానేయక్కర్లేదు. కండ నడిమధ్యన కూడా 70 డిగ్రీలు దాటితే వైరస్ చస్తుంది, 74 అయితే ఇంకా నిశ్చింత. మాంసంలో గుచ్చితే ఆ అంకె చూపేదే ఈ సూది థర్మామీటర్.

కొన్నాక ముందు పరీక్ష పెట్టాలి. గ్లాసు నిండా ఐసు వేసి, సందుల్లో నీళ్లు పోసి, కొన అడుక్కి తగలకుండా ముంచితే సున్నా రావాలి. ఒక డిగ్రీ అటూఇటూ పర్వాలేదు. మహబూబ్‌నగర్‌లో మరిగే నీళ్లలో 98 చూపిస్తే చెడిపోయిందని వాపసు చేయకండి. ఊరు దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు ఆ వేడికే మరుగుతాయి. సముద్రం పక్కనున్న దుబాయ్‌లో అదే సూది 100 చూపాలి.

జొన్నరొట్టెలోకి చేసే నాటుకోడి పులుసుకు ఇది దండగ. చిన్న ముక్కలు అంతసేపు తెర్లినాక లోపల పచ్చి మిగలదు. అసలు అవసరం దుబాయ్ రూముల్లో వండే ఫ్రోజెన్ కోడికి. డ్యూటీ దిగి వచ్చి, గడ్డకట్టిన కోడిని అట్లనే గిన్నెలో వేస్తే మసాలా మాడే వేళకు కూడా తొడ లోపల చల్లగానే ఉంటుంది. ఫ్రీజర్ వైరస్‌ను చంపదు. అందుకే ముందురోజే గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వాలి. ఉడికినాక తొడ మందంగా ఉన్నచోట గుచ్చి, అంకె నిలబడేదాకా ఆగాలి. ఎముకకు తగిలితే లెక్క తప్పుతుంది. రెండు మూడు చోట్ల చూసి, తక్కువ వచ్చినదాన్నే నమ్మాలి. రంగును నమ్మొద్దు, తెల్లబడ్డ ముక్క కూడా పూర్తిగా ఉడికి ఉండకపోవచ్చు.

లోపాలు చెప్పాలంటే, చవక రకాల్లో పిడిలోకి నీళ్లు పోతే పని అయిపోయినట్టే. సూదిని మాత్రమే సబ్బుతో కడగండి, అదీ గుచ్చిన ప్రతిసారీ. సగం ఉడికిన ముక్కలోంచి తీసిన సూదిని తుడవకుండా మళ్లీ గుచ్చితే పచ్చి నీరు ఉడికిన కూరలోకి చేరుతుంది. పల్చటి ఫ్రై ముక్కలకు పైనుంచి కాదు, పక్కనుంచి గుచ్చాలి.

ఒక్కటి మాత్రం ఏ సూదీ ఆపలేదు. వండిన కూర కన్నా జబ్బుచేసిన కోడిని పట్టుకోవడం, ఈకలు పీకడమే ఎక్కువ ప్రమాదం. సెలవుల్లో ఊరికొస్తే పిల్లల్ని చచ్చిన కోళ్ల దగ్గరికి పోనివ్వకండి. ఆ తర్వాత పది రోజుల్లోపు జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకు ముందు కోళ్ల సంగతే చెప్పండి. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ మందు జబ్బు లక్షణాలు మొదలైన 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది.