లినక్స్ వాడేవాళ్లూ, ఆ దసరా సేల్ ల్యాప్‌టాప్ జోలికి పోకండి

ఇప్పుడే సర్వీస్ సెంటర్ నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఏ ల్యాప్‌టాపో పేరు రాయక్కర్లేదు. దసరా సేల్‌లో అందరూ ఎగబడి కొన్న ఆ సన్నటి వెండిరంగుదే. నేను సికింద్రాబాద్ సీటీసీలో ఒక షాపులో తీసుకున్నాను, ఆన్‌లైన్ కన్నా కాస్త తగ్గించారని. ఇంటికి తేగానే విండోస్ తీసేసి ఉబుంటు అనే లినక్స్ వేశాను.

మంచి పనిలో ఉండగా బిగుసుకుపోతుంది. మౌస్ కదులుతుంది, ఫైల్ మాత్రం సేవ్ కాదు. డిస్క్ మొత్తం రీడ్-ఓన్లీ అయిపోతుంది. లాగ్ చూద్దామంటే, లాగ్ రాయాల్సిన డిస్కే మాయమైతే ఇక ఎక్కడ రాస్తుంది? చివరికి ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీశాను. డిస్క్ కంట్రోలర్ పలకడం లేదు, రీసెట్ చేస్తున్నాను అని కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, రాసింది. దాని కిందే ఇంకో మాట: మీ డివైస్‌లో పవర్ సేవింగ్ మోడ్ సరిగా లేదా? ఫలానా బూట్ ఆప్షన్ పెట్టి చూడండి, బగ్ రిపోర్ట్ చేయండి అని.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎన్‌వీఎంఈ డ్రైవులు, అంటే ఇప్పటి ల్యాప్‌టాపుల్లో ఉండే వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్కులు, ఖాళీగా ఉన్నప్పుడు వాటంతట అవే నిద్రపోవడానికి ఏపీఎస్‌టీ అని ఒక ఏర్పాటు ఉంది. ఏ నిద్రలోంచి ఎంతసేపట్లో లేస్తానో డ్రైవ్ ఫర్మ్‌వేరే (దాని లోపలే ఉండే ప్రోగ్రామ్) చెప్పుకుంటుంది. 2017లో వచ్చిన 4.11 వెర్షన్ నుంచి లినక్స్ ఆ మాట నమ్మి నడుచుకుంటోంది. నా డ్రైవ్ లేస్తానని చెప్పి లేవడం లేదు, అంతే. ఇలా మాట తప్పే డ్రైవుల కోసం కెర్నల్ కోడ్‌లో ఓ జాబితానే ఉంది. శాంసంగ్ 960 ఈవో డ్రైవ్ ఏసుస్ ప్రైమ్ బీ350ఎం-ఏ మదర్‌బోర్డు మీద ఉంటే ఒక తీరు, వేరే చోట ఉంటే ఇంకో తీరు, అంత వివరంగా రాసి పెట్టారు పాపం. నాది ఆ జాబితాలో లేదు. బూట్ లైన్‌లో ఆ ఆప్షన్ సున్నా పెడితే ఏపీఎస్‌టీ మొత్తం ఆగిపోతుంది, ల్యాప్‌టాప్ బిగుసుకుపోదు. బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది. పది గంటల బ్యాటరీ అని కదా డబ్బాలు కొట్టి అమ్మింది!

అలాగే పని గడుపుకుంటూ కూర్చుంటే షాపువాళ్ల మార్పిడి గడువు కాస్తా దాటిపోయింది. నా తెలివికి దండం పెట్టుకోవాలి.

ఇక ఈరోజు సంగతి. కౌంటర్‌లో ఉన్నతనికి అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని అడిగాడు కదా:

"ఇప్పుడు నడుస్తోందా సార్?"

"నడుస్తోందండీ, ఆ ఆప్షన్ పెట్టాను కాబట్టి."

"నడుస్తోంది కదా. మరింకేంటి సార్ ప్రాబ్లమ్?"

ఆప్షన్ తీసేసి ఇక్కడే చూపిస్తాను, కాసేపు ఆగండి అన్నాను. "మేం విండోస్‌లోనే టెస్ట్ చేస్తాం సార్." ఫొటో చూపించాను. దాన్ని పెద్దది చేసి చదివి, "లోపం ఉందా అని మిమ్మల్నే అడుగుతోంది సార్, ఉందని చెప్పట్లేదుగా" అన్నాడు. పక్క కుర్చీలో కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. "మీలాంటి నాలెడ్జ్ ఉన్నవాళ్లకి ఇదో లెక్కా సార్, నెట్‌లో సొల్యూషన్ దొరికిందిగా" అని ఓదార్పు కూడా. వాళ్ల డిస్క్ తగిలించి విండోస్‌లో కాసేపు తిప్పి, జాబ్‌షీట్ మీద రాసిందేంటో తెలుసా? "లోపం కనబడలేదు. కస్టమర్ ఓఎస్ మార్చారు."

నా డ్రైవ్ పీకి పక్కన పెట్టి, వాళ్ల డిస్క్‌తో టెస్ట్ చేసి, లోపం లేదట! ఇదెక్కడి టెస్టు?

కెర్నల్ రాసేవాళ్లని నేను తిట్టను. ఆ ఆప్షన్ లేకపోతే నా ఫైళ్లు ఏమయ్యేవో. కొన్నవాడి డేటా పోకుండా కాపాడటం వాళ్ల ధర్మం, చేశారు. కానీ వాళ్లు చేసిన సాయాన్ని ఈ కంపెనీ తన వారంటీ సర్వీసులా చూపిస్తోంది, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. పైన ఓఎస్ సర్దుబాటు ఎంత బాగా పనిచేస్తే కింద హార్డ్‌వేర్‌లో తప్పు చేసినవాడు అంత నిర్దోషి అయిపోతున్నాడు. ఓఎస్‌కీ, మదర్‌బోర్డులో ఉండే బయోస్ ప్రోగ్రామ్‌కీ మధ్య మాటలు నడిపే ఏసీపీఐ కథ కూడా ఇదే. నువ్వు విండోస్‌వేనా అని బయోస్ అడిగితే లినక్స్ అవుననే చెబుతుంది. ఒకప్పుడు నేను లినక్స్‌ని అని చెప్పేది. అప్పుడు బయోస్‌లో ఎవరూ టెస్ట్ చేయని కోడ్ నడిచి కొంప మునిగేది. అందుకే మానేశారు. ఎంత సర్దుకుపోయారో చూడండి! అయినా అన్నీ పైనుంచి సర్దలేరు. 2019లో సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ కంపెనీ కొన్ని సర్వర్ ఎస్‌ఎస్‌డీలు 32,768 గంటలు తిరిగాక చచ్చిపోతాయని, డ్రైవూ డేటా రెండూ తిరిగిరావని తనే ప్రకటించి కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది. అక్కడ ఏ ఓఎస్ ఏం చేయగలదు?

నాకు కొత్త ఫర్మ్‌వేర్ ఇస్తే చాలు, గొడవే లేదు. డ్రైవ్ తయారుచేసినవాళ్లని అడిగితే, ఇది ల్యాప్‌టాప్ కంపెనీకి విడిగా చేసిచ్చిన మోడల్, వాళ్లనే అడగండి అన్నారు. ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్లు డ్రైవ్ తయారీదారుని అడగమన్నారు. ఇద్దరి మధ్య బంతి నేను.

నిజానికి నాకు కావాల్సింది ఒకటే. ఓఎస్ తప్పు సర్దినప్పుడల్లా ఆ సంగతి మామూలు మనిషికి కనబడేలా తెర మీద వేయాలి, ప్రశ్నలా కాదు, ఖరాఖండీగా. అప్పుడు కౌంటర్‌లో ఎవడు నవ్వుతాడో చూస్తాను.

కొనేవాళ్లకి: షాపులోనే లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి చూడనివ్వమని అడగండి, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. ఆ మోడల్ ఫర్మ్‌వేర్, లినక్స్‌వాళ్లకి ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు అందించే ఎల్‌వీఎఫ్‌ఎస్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. తేడా వస్తే సర్దుకుని వాడకండి, గడువులోపే వెనక్కి ఇచ్చేయండి. విండోస్ ఉన్న అసలు డిస్క్‌ని చెరపకుండా ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తీసి దాచుకోండి, లేకపోతే నాకు రాసినట్టే జాబ్‌షీట్ రాస్తారు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇదే మోడల్‌తో ఇదే బాధ పడుతున్నవాళ్లు మీ జాబ్‌షీట్ ఫొటో, కెర్నల్ మెసేజ్ ఫొటో కింద పెట్టండి. అన్నీ కలిపి జత చేస్తాను.