అరుణాచలం పౌర్ణమి: లాడ్జి మోసం, మా పాప చూపు

పౌర్ణమికి అరుణాచలం వెళ్లేవాళ్లు గది రేటును తప్పకుండా మెసేజ్‌లో రాయించుకోండి. రాజగోపురం దగ్గర్లోని ఒక లాడ్జిలో ఫోన్లో 2,800 అన్నారు. సామాన్లతో దిగాక 4,200 కట్టమన్నారు. "ఇష్టం లేకపోతే వెళ్లండి, మీ వెనక పది మంది ఉన్నారు" అన్నాడు మేనేజర్. నా స్నేహితురాలు సరళ అప్పటికే మోకాళ్లు పట్టుకుని మెట్ల మీద కూలబడింది. కట్టక తప్పలేదు.

తిరుపతి నుంచి బస్సు, గుళ్లో దర్శనం హాయిగా జరిగాయి. సాయంత్రం 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ మొదలుపెట్టాం. దారిలో వరసగా వచ్చే ఎనిమిది లింగాల్లో ఏడోది కుబేర లింగం. అది దాటాక చూస్తే సరళ లేదు! ఆ జనంలో ఫోన్ కలవలేదు, తర్వాత స్విచాఫ్. నొప్పికి తట్టుకోలేక ఆటో ఎక్కేసిందేమో అనుకున్నా. పోలీసు బూత్‌లో తమిళంలో పేరు చదివి, తెలుగులో చెప్పమని మైకు నాకే ఇచ్చారు. వాళ్ల మేలు మర్చిపోలేను. లాడ్జికి ఫోన్ చేసి, ఆమె వస్తే కాస్త కూర్చోబెట్టమని బతిమాలాను. "రిజిస్టర్లో మీ పేరే ఉంది, ఆవిడెవరో మాకు తెలీదు" అని పెట్టేశాడు. 4,200 తీసుకున్న మనిషికి ఆ మాత్రం దయ లేదు. టెన్షన్‌తో నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు మా తొమ్మిదేళ్ల పాప నా చెయ్యి లాగింది. "అమ్మా, ఆంటీ ఎనిమిది లింగాలకీ ఎనిమిది దండలు కొంది కదా. వాయు లింగం దగ్గర సంచి నేనే పట్టుకున్నా, రెండే మిగిలాయి. కుబేర లింగం దగ్గర క్యూ చూసి మనం వచ్చేశాం. ఆంటీ రాదు, దండ వేసే వస్తుంది."

దండ ఇరవై చొప్పున 160 రూపాయలు ఇచ్చింది నేనే. నాకా లెక్క తట్టనే లేదు. ఎదురొచ్చే జనాన్ని తోసుకుంటూ వెనక్కి వెళ్లాం. క్యూ మధ్యలో సరళ! "వెనకే ఉన్నారనుకున్నానే" అంది, ఏమీ జరగనట్టే. పాపను పట్టుకుని నేను భోరుమన్నాను.

ఈశాన్య లింగం దగ్గర చిన్న కొట్లో 40 రూపాయల పొంగల్ పొగలు కక్కుతూ వచ్చింది, అమృతమే. పాప సగం తిని సరళ ఒళ్లో నిద్రపోయింది.

పొద్దున ఎనిమిదింటికే గది ఖాళీ చేయించారు. మాట తప్పి లాక్కున్న 1,400 ఎంతడిగినా తిరిగివ్వలేదు. పౌర్ణమినాడు గుడి పక్క లాడ్జిల జోలికి పోకండి. రమణాశ్రమంలో గదికి అద్దె తీసుకోరు, అయితే చాలా ముందుగా రాసి అనుమతి తెచ్చుకోవాలి.