జీడిమెట్ల జెలటిన్, రెండు రకాల .32 తూటాలు

బేగంబజార్‌లో తూటా పరీక్షల దిమ్మ కోసం జెలటిన్ అడిగితే చైనా గ్రాస్ పొడి కట్టిచ్చారు. "సాబ్, గిదే జెలటిన్. ఐస్‌క్రీమోళ్లంతా గిదే తీస్కపోతరు" అన్నాడు కౌంటర్ మీది పిల్లగాడు. నమ్మి తెచ్చుకున్నాను. పోలీసు ఆర్మరీలో 26 ఏళ్లు రివాల్వర్లు విప్పి బిగించినవాణ్ని, వంటింటి సరుకు సంగతి నాకేం తెలుసు! తెల్లారి దిమ్మను అచ్చులోంచి తీసి బొటనవేలితో నొక్కితే సాగలేదు, పుటుక్కున తెగింది. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి వస్తుంది. జెలటిన్ పశువుల తోలు, ఎముకల నుంచి తీసేది. కండలాగా సాగి మళ్లీ దగ్గరపడే గుణం దానికే ఉంది. నాచు దిమ్మలో గుండు కొడితే బీటలు తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు.

ఇదంతా ఎందుకంటే, రిటైరయ్యాక ఒక కాలేజీలో ఫోరెన్సిక్ పిల్లలకు నెలకు రెండు క్లాసులు చెబుతున్నాను. జెల్ దిమ్మల్లోకి తూటాలు కాల్చే వీడియోలు ఫోన్లలో చూసి వచ్చి, "సార్, ఆ జెల్ అంత ఉబ్బుతుంది కదా, మనిషి లోపలా అంతేనా?" అని అడుగుతారు. నోటితో చెబితే నమ్మరు. చేసి చూపించాల్సిందే.

రెండోసారి జీడిమెట్ల వెళ్లాను. మందుల కంపెనీలకు సరుకు వేసే ఒక డీలర్ దగ్గర క్యాప్సూల్ గ్రేడు జెలటిన్ దొరికింది, 250 బ్లూమ్. గడ్డ ఎంత గట్టిగా కడుతుందో చెప్పే కొలత పేరే బ్లూమ్. ప్రయోగశాలల్లో తూటా పరీక్షలకు పెట్టే బాలిస్టిక్ జెల్‌కు వాడేదీ ఇదే అంకె. కిలో 900 రూపాయలు, రెండు కిలోలు తీసుకున్నాను. లేత పసుపు రంగు, బొంబాయి రవ్వంత పలుకు. వాసన లేదనను గానీ, ముక్కు మూసుకునేంత కాదు.

పాళ్లు సులువే. పదో వంతు పొడి, మిగతాది నీళ్లు. 40 సెంటీమీటర్ల పొడవు, అడ్డం 15, ఎత్తు 15 ఉండే దిమ్మకు 900 గ్రాముల పొడి, 8 లీటర్ల పైచిలుకు నీళ్లు పట్టాయి. చన్నీళ్లలో పొడి చల్లి రెండు గంటలు నాననివ్వాలి, ఆ తర్వాతే వెచ్చ చేయాలి. తొందరపడి మరిగించారో, పట్టు చచ్చిపోతుంది. నేను 40 డిగ్రీలు దాటనివ్వలేదు. థర్మామీటర్ పట్టుకుని గిన్నె పక్కనే కూర్చున్నాను. నురగ రాకుండా నాలుగు చుక్కలు దాల్చినచెక్క నూనె వేస్తే ఇల్లంతా బిర్యానీ వాసన.

దిమ్మ 4 డిగ్రీల దగ్గర ఉండాలి. అల్లుడి కిరాణా షాపులో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ సరిగ్గా అంతే చూపిస్తుంది. కింది అర ఖాళీ చేయించి రెండు దిమ్మలు పెట్టాను. రెండు రోజుల పాటు గిరాకీ వచ్చి థమ్సప్ అడిగినప్పుడల్లా, "మామా, ఇదేందో మాంసం జెల్లీ అనుకుంటున్నరు" అని వాడి ఫోన్.

దిమ్మ కుదిరిందో లేదో తేల్చేది కన్ను కాదు, ఒక చిన్న ఉక్కు గుండు. 4.5 మిల్లీమీటర్ల గుండును సెకనుకు 180 మీటర్ల వేగంతో కొడితే అది 7.5 నుంచి 9.5 సెంటీమీటర్ల లోతులో ఆగాలి. జాతరలో బెలూన్లు పగలగొట్టే రకం గాలి తుపాకి ఒకటి సంపాదించి, వేగం కొలిచే యంత్రం ముందు పెట్టాను. 178 చూపించింది. లోతు 8.7. హమ్మయ్య అనుకున్నాను. సరుకు మంచిదని నాకు రూఢి అయింది అక్కడే. వీడియోల్లో సగం మంది ఈ గుండు సంగతే ఎత్తరు. అది లేకుండా చెప్పే లోతులు పేపరు మీద లెక్కలే.

ఇక అసలు పని. మన దేశంలో మామూలు లైసెన్సు మీద 9 ఎం.ఎం. ఇవ్వరు, అందుకే జనం దగ్గర ఉండేది ఎక్కువగా .32, అంటే గుండు మందం సుమారు 8 మిల్లీమీటర్లు. ఫాంహౌస్‌లో కాల్చేద్దాం అన్నవాళ్లూ ఉన్నారు. అది కేసు పని. లైసెన్సున్న మిత్రుడితో, ముందుగా అనుమతి తీసుకుని, రేంజి అధికారి ఎదుట, మూడు మీటర్ల దూరం నుంచి కాల్పించాను. దిమ్మలు రెండూ ఒకదాని వెనక ఒకటి. తూటాల అడుగున కె.ఎఫ్. ముద్ర, అంటే పుణె పక్కన ఖడ్కీ ఫ్యాక్టరీవి.

రివాల్వర్ తూటా ఉత్త సీసం, ముక్కు గుండ్రం. మూడు కొడితే 38, 41, 43 సెంటీమీటర్ల దగ్గర ఆగాయి. తీసి చూస్తే ముక్కు మీద చిన్న సొట్ట తప్ప రూపం మారలేదు. పిస్టల్‌ది లోహపు తొడుగున్న గుండు, బరువు తక్కువ, వేగం ఎక్కువ. 46, 49, 52. మూడూ రెండో దిమ్మలోకి దూరాయి. ఒకటి మధ్యలో పల్టీ కొట్టి, అడుగు భాగం ముందుకు పెట్టుకుని ఆగింది. కత్తితో దిమ్మ కోసి ఆ దారి చూపిస్తే పిల్లలు పది నిమిషాలు కదల్లేదు.

తూటా జెల్‌లో 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతులో ఆగాలన్న లెక్క అమెరికా ఎఫ్.బి.ఐ.ది. 1986 ఏప్రిల్ 11న మయామిలో జరిగిన కాల్పుల్లో ఒక దొంగకు తగిలిన గుండు గుండె దాకా పోకుండా ఆగింది. తర్వాత వాడు ఇద్దరు ఏజెంట్లను చంపాడు. ఆ దెబ్బతో ఎఫ్.బి.ఐ. వాళ్లు జెల్‌ను నమ్ముకున్నారు. మా పిస్టల్ గుండ్లు ఆ గీతకు అవతలే పడ్డాయి. అంటే మనిషిని దాటి వెనకున్నవాడికి తగిలే ప్రమాదం. ఇళ్లలో ఆత్మరక్షణకని దాచుకునేవాళ్లు ఈ మాట వినాలి.

ఉబ్బడం సంగతికొస్తే, పిస్టల్ వేగాల్లో ఆ ఉబ్బు క్షణంలో మూసుకుపోతుంది. కండ కూడా సాగి వెనక్కి వస్తుంది. మిగిలేది సన్నని దారే. కాలేయం లాంటివి మాత్రం సాగలేక చిట్లుతాయి. జెల్‌లో ఎముక లేదు, తోలు లేదు, పక్కటెముకల సందులు అసలే లేవు. తూటాకూ తూటాకూ తేడా చెబుతుంది గానీ మనిషికి ఏమవుతుందో చెప్పదు.

కాలేజీలో అద్దంలాంటి నూనె జెల్ దిమ్మ కూడా ఉంది, దిగుమతి సరుకు. ఫ్రిజ్ అక్కర్లేదు, కరిగించి మళ్లీ పోసుకోవచ్చు, ఫోటోలకు బ్రహ్మాండం. కానీ అదే పిస్టల్ తూటా దాంట్లో ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ పోయింది. చూపించడానికి అది, కొలవడానికి ఇది.

జీడిమెట్ల పొడి మీద నా ఫిర్యాదు ఒక్కటే. పెద్ద సంచి విప్పి ప్లాస్టిక్ కవర్లో పోసిచ్చారు. బ్యాచ్ నంబరు లేదు, బ్లూమ్ రాసిన కాగితం లేదు, అడిగితే "మా మాటే కాగితం" అన్నారు. నా అదృష్టం బాగుండి గుండు 8.7 దగ్గర ఆగింది. వచ్చే టర్ముకు ఐదు కిలోలు కావాలని చెప్పొచ్చాను, కుట్టు విప్పని సంచి అయితేనే డబ్బు అని కూడా. ఫ్రిజ్‌కు మాత్రం వేరే అల్లుణ్ని వెతుక్కోవాలి.