డయల్ గేజ్‌తో నాలుగేళ్లు: కొత్త డిస్కులేసినా పోని బ్రేకు వణుకు

తిరిగే బ్రేకు డిస్క్ ఎంత వంకర పోతోందో కొలిచే ఈ డయల్ గేజ్ కొని నాలుగేళ్లు దాటింది. అయస్కాంతం దిమ్మ, దాని మీద మడిచే చేతులు, చివర 0.01 మి.మీ. గీతలున్న డయల్. అంతా కలిపి రెండు వేల లోపే. దీన్ని కొనే ముందు అదే కారు బ్రేకుల మీద పద్దెనిమిది వేలు పోశాను. ముందు కొలిచి తర్వాత కొనాల్సింది, నేను ముందు కొనేసి తర్వాత కొలిచాను.

కారు పదేళ్లు దాటిన డీజిల్ సెడాన్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. మేముండేది విశాఖలో, సముద్రానికి కిలోమీటరు లోపే. మా గేటు, కిటికీ ఊచలు, పిల్లాడి సైకిల్ చైను, తుప్పు పట్టనిదంటూ ఏదీ లేదు. నెలకు రెండుసార్లు శ్రీకాకుళంలో అత్తవారింటికి వెళ్తాం. నాతవలస టోల్‌గేట్ కనబడగానే వంద స్పీడులో బ్రేకు తొక్కితే స్టీరింగ్ గజగజ వణికేది. "ఏమండీ, చక్రం ఊడిపోదు కదా!" అని మా ఆవిడ డాష్‌బోర్డు పట్టుకునేది.

మేస్త్రి ఒక రౌండ్ నడిపి చూసి "డిస్కులు బెండయ్యాయండి" అన్నాడు. డిస్కులు, వాటిని రెండు వైపులా నొక్కే ప్యాడ్లు మార్చాం. బండి హాయిగా ఆగింది. నాలుగు వేల కిలోమీటర్లు తిరిగేసరికి వణుకు మళ్లీ వచ్చింది. సరుకు మంచిది కాదేమో అనుకుని ఈసారి ఖరీదైన సెట్టు వేయించాను. మళ్లీ దాదాపు అదే దూరానికి అదే వణుకు. మధ్యలో ఎవరో చెప్పారని బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కూడా అయ్యాయి. ఆ డబ్బు శుద్ధ దండగ. మామూలుగా వెళ్తున్నప్పుడు నున్నగా పోయే బండి బ్రేకు తొక్కినప్పుడే వణుకుతుంటే బ్యాలెన్సింగ్ ఏం చేస్తుంది?

రెండుసార్లూ నాలుగు వేల కిలోమీటర్లే ఎందుకు పట్టింది? నిద్రపట్టనివ్వని ప్రశ్న అదే. చివరకు తెలిసిందేమిటంటే, కొత్త డిస్క్ కాస్త వంకరగా కూర్చున్నా మొదటి రోజు చేతికి తెలియదు. ప్యాడ్లని పట్టుకుని ఉండే క్యాలిపర్ దానితోపాటు అటూ ఇటూ జరిగి సర్దుకుంటుంది. కానీ బ్రేకు తొక్కనప్పుడు కూడా డిస్క్‌లో ఎత్తుగా ఉన్న భాగం ప్రతి చుట్టులోనూ ప్యాడ్‌ని గీసుకుంటూ పోతుంది. నా టైరు ఒక చుట్టుకు 1.9 మీటర్లు కదులుతుంది. అంటే నాలుగు వేల కిలోమీటర్లకు ఇరవై లక్షలసార్లకు పైగా ఒకేచోట గీత. అక్కడ డిస్క్ పలచబడుతుంది. మందంలో 0.01, 0.02 మి.మీ. తేడా వచ్చినా చాలు, పెడల్‌కీ స్టీరింగ్‌కీ తెలిసిపోతుంది. మేస్త్రి "బెండ్" అన్నది చాలాసార్లు ఈ మందం తేడానే. డిస్క్ నిజంగా వంగడం అరుదు.

గేజ్ వచ్చిన ఆదివారం కారు జాకీ ఎత్తి, స్టాండ్ల మీద పెట్టి, చక్రం విప్పాను. ముందు హబ్‌ని (డిస్క్, చక్రం బిగించే దిమ్మని) పట్టుకుని ఊపి బేరింగ్‌లో ప్లే, అంటే వదులు, లేదని చూసుకున్నాను. ప్లే ఉంటే ముల్లు చెప్పేదంతా అబద్ధమే. చక్రం లేకపోతే డిస్క్ వదులుగా ఉంటుంది కాబట్టి, నట్ల కింద మందపాటి వాషర్లు వేసి బిగించాలి. డిస్క్ అంచు నుంచి 10 మి.మీ. లోపల గేజ్ మొన ఆనించి, చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాను. ముల్లు కుడివైపు 0.03 మి.మీ. కదిలింది. ఎడమవైపు 0.13! చాలా కార్ల సర్వీస్ పుస్తకాల్లో ఇచ్చే హద్దు 0.05 నుంచి 0.1 లోపు ఉంటుంది.

ఎడమ డిస్క్ ఊడదీస్తే హబ్ మీద, ఒక స్టడ్ (నట్టు బిగించే మర కడ్డీ) పక్కన, తుప్పు పొర పొక్కు కట్టి ఉంది. వెంట్రుక మందమే. కానీ హబ్ అడ్డంగా 13 సెంటీమీటర్లు, డిస్క్ దాదాపు 24. ఇక్కడ వెంట్రుకంత ఎత్తు అక్కడికి వెళ్లేసరికి రెట్టింపుకు దగ్గరవుతుంది. రెండుసార్లు డిస్కులు మార్చిన చేతులు దాన్ని గుడ్డతో కూడా తుడవలేదు. వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో ఇనుము తళతళలాడేదాకా రుద్ది హబ్‌నే కొలిస్తే 0.02. డిస్క్ తిరిగి వేస్తే 0.05. దాన్ని ఒక స్టడ్ జరిపి వేస్తే 0.03కి దిగింది. ఈ జరిపే చిట్కాకి పైసా ఖర్చు లేదు.

అంతటితో వణుకు పోలేదు. పోదు కూడా, అప్పటికే పలచబడిన చోటు పలచగానే ఉంది కదా. డిస్క్ మందం 21.6, అంచు మీద చెక్కిన కనీస మందం 20. కాబట్టి మార్చకుండా లేత్ మీద స్కిమ్మింగ్ (పైపొర సమంగా చెక్కడం) చేయించి, కొత్త ప్యాడ్లు వేశాను. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి పదిసార్లు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ బ్రేకు వేసి ప్యాడ్లని కుదురుకోనిచ్చాను. చక్రం నట్లు ఎయిర్ గన్‌తో బిగించనివ్వడం మానేశాను. ఒక నట్టు ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే శుభ్రమైన హబ్ మీద కూడా డిస్క్ వంకర తిరుగుతుంది. ఎదురెదురు నట్లు, ఎంత బిగువో చూపే టార్క్ రెంచ్‌తో. ఇప్పటికి 46 వేల కిలోమీటర్లు అయ్యాయి, స్టీరింగ్ నిశ్చలంగా ఉంది.

గేజ్ సంగతికొస్తే, ముల్లు ఇప్పటికీ సరిగ్గానే సున్నాకి తిరిగొస్తుంది. చేతుల బిగింపు మాత్రం రెండో ఏడాదికే జారడం మొదలుపెట్టింది, ప్లాస్టిక్ మర తీసి ఇనుప బోల్టు వేశాను. అల్యూమినియం నకిల్ (హబ్‌ని పట్టి ఉంచే భాగం) ఉన్న కార్లకి అయస్కాంతం అంటుకోదు, క్లాంప్ విడిగా కొనాలి. ఇంకో పెద్ద లోటు, మందం తేడా దీనికి తెలియదు. దానికి మైక్రోమీటర్‌తో డిస్క్ చుట్టూ ఎనిమిది చోట్ల కొలవాలి, అది వేరే ఖర్చు.

పోయిన సంక్రాంతికి మా బావగారి కారు కొలిచాను. రెండు వైపులా 0.03, 0.04. అయినా బండి వణుకుతోంది, కానీ స్టీరింగ్‌లో కాదు, సీటు కింద. ఖాళీ రోడ్డు మీద 40లో, వెనక చక్రాలనే పట్టే హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా లాగి చూశాం. అదే వణుకు. వెనక డ్రమ్ము గుండ్రం పోయింది. గేజ్ పెట్టెలో నుంచి తీయకుండానే ఇది తేలాల్సింది. గంటన్నర పాటు ముందు చక్రాలు విప్పించానని బావగారు ఇప్పటికీ దెప్పుతుంటారు.

ప్రస్తుతం గేజ్ మా ఇంట్లో లేదు. "రెండు రోజులుంచుకుంటానండి" అని మేస్త్రి పట్టుకెళ్లి నెలైంది.