ఏజెన్సీలో ఏ పరిశోధన ముందు: సికిల్ సెల్లా, కాన్పు దారా?

హైదరాబాద్‌లో కూర్చుని ఆదిలాబాద్ గూడేల ఆరోగ్యంపై ప్రాజెక్టు రాసేవాళ్లకు ఇదే టెన్షన్. ఒకటి సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) పరీక్షలు. రెండోది కాన్పు దారి, అంటే నొప్పులు మొదలైన గర్భిణి ఆసుపత్రికి ఎలా చేరుతోందన్న అధ్యయనం. ఉన్న నిధులు ఒక్కదానికే సరిపోతాయి.

ఖర్చు: సికిల్ సెల్ మొదటి పరీక్ష చవకే, వేలి నుంచి చుక్క రక్తం చాలు. నిర్ధారణకు మాత్రం హెచ్‌పీఎల్‌సీ లాంటి ల్యాబ్ పరీక్ష కావాలి. కాన్పు దారికి కావాల్సింది జీపు డీజిల్, గోండి, కొలామీ భాషలు వచ్చినవాళ్ల జీతాలు.

శ్రమ: రక్తం ఒక్క శిబిరంలో తీసేయొచ్చు. రెండోది అలా కాదు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, సిగ్నల్ ఎక్కడ దొరికింది, వాగు పొంగితే మంచం మీద మోసిందెవరు, 108 ఎంతవరకు రాగలిగింది, ఇవన్నీ ఇంటింటికీ తిరిగి అడగాలి. అదీ వానాకాలంలోనే. ఎండల్లో వెళ్తే ఏ దారైనా బాగానే కనిపిస్తుంది!

రిస్కు: వాహకురాలని (జబ్బు లేకున్నా దాని జన్యువు ఉందని) బయటపడితే అమ్మాయి పెళ్లి సంబంధం చెడొచ్చు. కౌన్సెలర్ లేకుండా రక్తం తీయడం నా దృష్టిలో తప్పే. కాన్పు అధ్యయనానికి ఉన్న భయమల్లా నివేదిక బీరువాలో మూలగడం.

2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేయిస్తోంది. కాబట్టి ల్యాబ్, కౌన్సెలర్, ఏళ్ల తరబడి హైడ్రాక్సీయూరియా మందు అందించే ఏర్పాటు ఉన్న పెద్ద సంస్థకే మొదటిది. చిన్న బృందం, ఏడాది గడువు, ఉట్నూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వినడానికి సిద్ధంగా ఉంటే రెండోదే.