ఆడవాళ్ళూ, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

ఇందాకే అక్కణ్ణుంచి వచ్చా, కోపంతో ఇంకా చేతులు వణుకుతున్నాయి, అక్షరాలు తప్పులుంటే సర్దుకోండి. క్లినిక్ పేరు రాయను, రాస్తే లీగల్ నోటీసు పంపిస్తామని చాలా మర్యాదగా చెప్పి పంపారు. అయినా ఇక్కడ సగం మందికి పేరు రాయకుండానే అర్థమైపోతుంది, రోజూ రీల్స్‌లో ఒకావిడ జడ ముందుకేసుకుని "నా కాన్ఫిడెన్స్ నాకు తిరిగొచ్చింది" అంటుంటుంది చూడండి, ఆ బాపతు వాళ్ళే.

నా సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, చాలామందిదే. రెండో పాప పుట్టాక మొదలైంది, ఆ తర్వాత డెంగీ వచ్చి తగ్గాక కుచ్చులు కుచ్చులుగా ఊడింది, పాపిట వెడల్పైపోయింది, ట్యూబ్‌లైట్ కింద నిలబడితే మాడు కనిపిస్తుంది, సవరం పెట్టకుండా పెళ్ళిళ్ళకెళ్ళడం మానేశా. ఉల్లిపాయ రసం, మందారాకు, కలబంద, మినాక్సిడిల్ (జుట్టు మొలవడానికి మాడుకి రాసే మందు) కొన్నాళ్ళు కొట్టి మానేయడం, అన్నీ అయ్యాయి. మా ఆడపడుచు కొడుక్కి ట్రాన్స్‌ప్లాంట్ చేయిస్తే బాగానే వచ్చింది, వాడికొచ్చింది కదా నాకెందుకు రాదు అని బయల్దేరా.

కన్సల్టేషన్ అంటే డాక్టర్ చూస్తారనుకుంటాం కదా. కాదు, కౌన్సిలర్ అని ఒక పిల్ల ఉంటుంది, భలే మాట్లాడుతుంది. నా నుదురూ, పాపిటా ఫోటో తీసి ట్యాబ్‌లో ఎర్రగీత ఒకటి గీసి "అక్కా, మీకు 2000 గ్రాఫ్టులు పడతాయి, ఫుల్ కవరేజ్ వచ్చేస్తుంది" అంది. గ్రాఫ్ట్ అంటే తల వెనక నుంచి కుదుళ్ళతో సహా తీసి ముందు నాటే చిన్న ముక్క. వెనకవైపు క్లిప్ తీసి చూసింది లేదు, తల వంచమన్నది లేదు. శ్రావణమాసం ఆఫర్ ఇవాళ్టితో ఆఖరట. క్యాష్ ఇస్తే 18 శాతం జీఎస్టీ కూడా మిగుల్తుందట (జుట్టు నాటించుకోవడం వైద్యం కింద రాదు, అందం కింద వస్తుంది కాబట్టి జీఎస్టీ పడుతుంది, ఇన్సూరెన్స్ రాదు). నా మీద ఎంత ప్రేమో చూడండి, బిల్లే లేకుండా చేసింది. కేజీ కందిపప్పు కొనడానికి నాలుగు షాపులు తిరిగే మనిషిని, లక్షా ముప్ఫై వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టి వచ్చా.

ఆపరేషన్ రోజు గురించి ఎక్కువ రాయను. వెనక చిన్న విండోలాగా గీస్తాం, పైజుట్టు దాన్ని కప్పేస్తుంది అన్నవాళ్ళు చెవి నుంచి చెవి దాకా ట్రిమ్మర్ పెట్టేశారు. అదేదో తిరుపతిలో ఇచ్చుంటే స్వామికైనా చెందేవి. డాక్టర్‌గారు వచ్చారు, మార్కర్‌తో ముందు గీత గీశారు, "ఆల్ ది బెస్ట్ అమ్మా" అన్నారు, వెళ్ళారు. అంతే, మళ్ళీ కనబడలేదు. మత్తు సూదులతో సహా మిగతాదంతా ఇద్దరు కుర్రాళ్ళే చేశారు, నేను బోర్లా పడుకుని ఉంటే ఒకడి ఫోన్‌లో మ్యాచ్ కామెంటరీ వినిపిస్తూనే ఉంది. నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది, ఇది సర్జరీ ట్రైనింగ్ ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లు చెయ్యాల్సిన పని, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే చాలదు అని. కాన్పూర్‌లో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఇద్దరు ఇంజనీర్లు చనిపోయారని 2025లో వార్తలొచ్చాయి చూశారా, ఆ వార్త మా ఆయనే నాకు ఫార్వర్డ్ చేశారు, అన్నీ అయిపోయాక.

నాటిన వెంట్రుకలు కొన్ని వారాల్లో ఊడిపోతాయి, మూడు నాలుగు నెలలకి మళ్ళీ మొలకలొస్తాయి, ఏడాదికి గానీ ఫలితం తెలీదు అని చెప్పారు, అది నిజమే. చెప్పనిది ఏంటంటే నాటినచోట చుట్టూ అప్పటికే ఉన్న మన సొంత జుట్టు కూడా ఆ దెబ్బకి ఊడొచ్చు అని. షాక్ లాస్ అంటారట. నాకు ఉన్నదీ ఊడింది. ఫోన్ చేస్తే "నార్మల్ అక్కా, వెయిట్ చెయ్యండి". సరే వెయిట్ చేశా. ఏడాది నిండేసరికి ముందు ఏదో పలచగా నాలుగు వెంట్రుకలు, వెనక మాత్రం తీసినచోటల్లా తెల్లటి చుక్కలు, జుట్టు పైకెత్తి ముడేస్తే స్పష్టంగా కనిపిస్తున్నాయి. అంటే ముందూ లేదు, వెనకా లేదు.

ఇవాళ రివ్యూకి వెళ్ళా. ఇక్కణ్ణుంచి వినండి.

అదే పిల్ల. ఫైల్ తెప్పించింది, తిరగేసింది, "మేడమ్, మీకు డోనర్ ఏరియా వీక్ కదా, రిజల్ట్ ఇంతే వస్తుంది, మీకు ముందే ఎక్స్‌ప్లెయిన్ చేశాం" అంది. డోనర్ ఏరియా అంటే నాటడానికి జుట్టు తీసే వెనకభాగం. ఎప్పుడు చెప్పారమ్మా అన్నా. "మీరే సైన్ చేశారు కదా మేడమ్" అని కన్సెంట్ ఫారం నా వైపు తిప్పింది. నిజంగానే నా సంతకం. ఆ రోజు పొద్దున వాళ్ళ పెన్ను రాయకపోతే నా హ్యాండ్‌బ్యాగ్‌లోని బ్లూ బాల్‌పెన్‌తో పెట్టా, బాగా గుర్తుంది. ఫారంలో చేత్తో రాసినవన్నీ, నా పేరు, వయసు, తేదీ అన్నీ ఆ బ్లూలోనే ఉన్నాయి. సంతకానికి పైన ఉన్న ఖాళీ గీత మీద మాత్రం నల్ల జెల్‌పెన్‌తో ఇంగ్లీషులో ఒక వాక్యం, డోనర్ జుట్టు బలహీనంగా ఉంది, ఫలితం తక్కువ రావొచ్చని పేషెంట్‌కి వివరించాం అని. గీతలో పట్టక చివరి మాటలు నా సంతకం పక్కకి కిందికి వంగి, నా ఇంటిపేరు అక్షరం చుట్టూ తిరిగి వెళ్ళాయి. అంటే సంతకం ముందే ఉంది, రాత తర్వాత వచ్చింది. చిన్నపిల్లలకి చూపించినా చెప్తారు.

నాకు మాట రాలేదు ఒక నిమిషం. తర్వాత ఫోన్ తీసి ఫోటో తియ్యబోతే ఫైల్ చటుక్కున మూసేసి "పేషెంట్ రికార్డ్ కాన్ఫిడెన్షియల్ మేడమ్, ఫోటో అలౌడ్ కాదు" అంది. పేషెంట్ ఎవరమ్మా, నేనే కదా! నా రికార్డు నాకే కాన్ఫిడెన్షియల్ అట! ఆ ఫైల్ మూసేలోపు ఇంకోటి కూడా కనబడింది, మొదటి పేజీలో గ్రేడ్ అన్నచోట "నార్‌వుడ్ 3" అని. అది మగవాళ్ళ బట్టతల కొలిచే స్కేల్ అండీ. ఆడవాళ్ళకి లుడ్విగ్ స్కేల్ అని 1977 నుంచి ఉంది, మనకి ముందు లైన్ అలాగే ఉండి మాడు దగ్గర పలచబడుతుంది కాబట్టి. నేను ఆడమనిషినని కూడా గమనించలేదన్నమాట.

మేనేజర్ని పిలవమన్నా. ఆయనొచ్చి నిలబడే మాట్లాడారు, కూర్చోలేదు కూడా. "చూడండి మేడమ్, ఈ వయసుకి ఇంతకన్నా ఏం ఎక్స్‌పెక్ట్ చేస్తాం చెప్పండి, పీఆర్పీ ప్యాకేజీ తీసుకోండి, మీకు డిస్కౌంట్ ఇప్పిస్తా." పీఆర్పీ అంటే మన రక్తంలోంచే తీసి మాడుకిచ్చే ఇంజెక్షన్లు. ఈ వయసట. డబ్బు తీసుకున్నప్పుడు నాకు ఏం వయసుందో మరి. రిసెప్షన్‌లో కొత్తగా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు నన్నే చూస్తున్నారు, వాళ్ళకి చెబుదామని అటు తిరిగితే సెక్యూరిటీ అబ్బాయి లిఫ్ట్ దాకా వెంటపడి వచ్చాడు.

పోయిన వారం గవర్నమెంట్ హాస్పిటల్ స్కిన్ ఓపీకి వెళ్ళా, అక్కడ డాక్టరమ్మ చెప్పింది విన్నాకే ఇవాళ గట్టిగా అడగడానికి వెళ్ళా అసలు. ఆవిడ కూర్చోబెట్టి ముందు చూసింది నా తల వెనక. టార్చ్‌లాంటి చిన్న లెన్స్ పెట్టి చూసి "ఇక్కడ కూడా సన్నబడింది కదమ్మా, ఇక్కణ్ణుంచి ఎలా తీశారు" అంది. మగవాళ్ళకి వెనక జుట్టు హార్మోన్ దెబ్బకి తట్టుకుంటుందట, అందుకే దాన్ని తీసి ముందు పెడితే నిలబడుతుంది. ఆడవాళ్ళలో చాలామందికి తలంతా, వెనకతో సహా పలచబడుతుంది. చీడ పట్టిన నారు పీకి పక్క మడిలో నాటితే చీడ పోతుందా అంది, ఆవిడది గోదావరి జిల్లాయేనేమో. అలాగని ఆడవాళ్ళెవరికీ పనికిరాదని కాదట, ఏళ్ళ తరబడి బిగించి జడలేసి నుదుటి పక్కల ఊడినవాళ్ళకి, కాలిన మచ్చలున్నవాళ్ళకి, పుట్టుకతోనే నుదురు పెద్దగా ఉన్నవాళ్ళకి, వెనక గట్టిగా ఉంటే బాగా వస్తుందట. నాకు మాత్రం రక్తపరీక్షలు రాస్తే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) అడుగునుంది, థైరాయిడ్ తేడా ఉంది. డెంగీలాంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి గుత్తులుగా ఊడటం మామూలేనట, చాలావరకు దానంతటదే తగ్గుతుందట. మినాక్సిడిల్ కనీసం నాలుగైదు నెలలు వాడందే ఏం తెలీదు, మొదట్లో కొంచెం ఎక్కువ ఊడినట్టుంటుంది, అక్కడే అందరూ భయపడి మానేస్తారంది. క్లినిక్ వాళ్ళు చేయించింది హెచ్ఐవీ, హెపటైటిస్, షుగర్, అంతే. వాళ్ళ జాగ్రత్త వాళ్ళది.

ఓపీ చీటీ ఖర్చు నా ఆటో ఖర్చు కంటే తక్కువ.

సరే, వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, కానీ తల వెనక భాగం లెన్స్‌తో చూడకుండా గ్రాఫ్టుల లెక్క చెప్పారంటే లేచి వచ్చేయండి. కత్తి పట్టేదెవరో అడిగి ఆ పేరు మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఒక గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి, వెంట్రుకలు లెక్కపెట్టి గ్రాఫ్టుల రేటు వేసేవాళ్ళున్నారు, అదీ చూసుకోండి. బిల్లు తీసుకోండి. ఫారంలో ఖాళీ గీతలుంటే అడ్డంగా కొట్టేసి, ఫోటో తీసుకుని అప్పుడు సంతకం పెట్టండి.

మన రికార్డులు మనం రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రెగ్యులేషన్స్‌లో ఉందని మా తమ్ముడు చెప్పాడు, రేపు పొద్దున్నే రిజిస్టర్డ్ పోస్ట్ పంపిస్తున్నా. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేస్తా. బిల్లు లేకుండా కన్జ్యూమర్ కమిషన్‌లో కేసు వేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? నా దగ్గర ఏటీఎం విత్‌డ్రాయల్ మెసేజ్‌లు, ఆ పిల్లతో వాట్సాప్ చాట్ మాత్రం ఉన్నాయి, అవి సరిపోతాయేమో తెలిసినవాళ్ళు చెప్పండి.