మూత లోపలి 98: టర్బో కారుతో ఆరేళ్ల తర్వాత

ఈ టర్బో కారు నా దగ్గరికి వచ్చి ఆరేళ్లయింది. సీట్లు, డిక్కీ, పికప్ గురించి చాలామంది రాశారు. నేను మాట్లాడాలనుకున్నది దీని నాక్ సెన్సర్ గురించి, అంటే ఇంజిన్‌లో పెట్రోల్ తప్పుగా మండితే వచ్చే అదురుని పసిగట్టే పరికరం గురించి. బయటికి కనిపించని ఆ చిన్న ముక్కంటే నాకు చెప్పలేనంత అభిమానం.

పెట్రోల్ మూత లోపల ‘98 రాన్ మేలు, కనీసం 95’ అని ఉంటుంది. రాన్ అంటే పెట్రోల్ ఆక్టేన్‌ని చెప్పే అంకె. నేను ఎప్పుడూ 98 పోయించేవాణ్ణి. నాలుగో ఏడు ఎండాకాలంలో, ట్యాంకు అడుగంటిన వేళ దొరికిన బంకులో 91 మాత్రమే ఉంది. గత్యంతరం లేక పది లీటర్లు పోయించాను. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు. ఘాట్ రోడ్డు మీద నాలుగో గేరులోనే ఉండి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగల! గుండె ఆగినంత పనయింది. రెండు సెకన్లలో చప్పుడు ఆగింది, దాంతోపాటే బండి లాగడమూ తగ్గింది. మూడో గేరుకి దించి, కాలు తేలిక చేసి, టెన్షన్‌తోనే పైకి చేరాను.

ప్లగ్ అంటించిన మంట ఇంకా అందకముందే, సిలిండర్‌లో మిగిలిన గాలీ పెట్రోలూ వేడికీ ఒత్తిడికీ వాటంతటవే భగ్గుమనడమే నాక్. టర్బో గాలిని మరింత కుక్కుతుంది కాబట్టి ఆ ముప్పు దీనికి ఎక్కువ. బ్లాకుకి బిగించిన సెన్సర్ ఆ అదురు పసిగట్టగానే కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది. పిస్టన్లు బతుకుతాయి, బలం తగ్గుతుంది. ఆ రోజు నా ఇంజిన్‌ని కాపాడింది అదే. మళ్లీ 98 నింపినా పాత ఊపు వెంటనే రాలేదు, ట్యాంకు సగమయ్యేసరికి వచ్చింది.

98 పోస్తే ఏ కారైనా దూసుకుపోతుందని ఒకప్పుడు నేనే అందరికీ చెప్పాను. అది సరికాదు. ఆక్టేన్ అంటే నాక్‌ని తట్టుకునే ఓపిక, పెట్రోల్‌లో దాగిన బలం కాదు. నా మాట విని టర్బో లేని చిన్న కారున్న మిత్రుడు ఏడాదిపాటు ఖరీదైన పెట్రోల్ పోయించాడు. 91కి తయారైన ఆ ఇంజిన్‌కి దానివల్ల ఒరిగిందేమీ లేదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. నా కారులోనూ చదును రోడ్డు మీద నిదానంగా నడిపినప్పుడు 95కీ 98కీ మైలేజీలో తేడా నాకు కనబడలేదు.

ఇంకో మాట. కొన్ని దేశాల్లో పంపు మీద రాన్, మాన్ (ఇంకా కఠినమైన పరీక్షలో తేలే ఆక్టేన్ అంకె) రెండింటి సగటు వేస్తారు. అక్కడ 93 అని ఉన్నది దాదాపు మన 98 రాన్‌తో సమానం. ఆ అంకె చూసి కంగారు పడక్కర్లేదు.

నెలకోసారి బరువుతో కొండలెక్కే పని ఉంది కాబట్టి నేను 98తోనే ఉంటాను. ఊళ్లో తిరగడానికే అయితే, కనీసం 95 అని రాసి ఉన్న ఇదే కారుకి బహుశా 95 పోయించేవాణ్ణి.